పన్నెండు మంది వేసిన అయిదు స్టార్లు

1973లో రోమ్ నగరంలో అయిదుగురు కుర్రాళ్లు ఒక ఎల్‌పీ రికార్డు చేశారు. బృందం పేరు సెమిరామిస్. ఆల్బమ్ పేరు ‘దెదికాతో ఆ ఫ్రాజ్’, అంటే ‘ఫ్రాజ్‌కు అంకితం’. ఈ ఫ్రాజ్ ఎవరా అని వెతికితే అలాంటి మనిషి ఎవరూ దొరకరు. ఫయెంజా, రెద్దావిదె, అర్తెజాని, ఇద్దరు జరిల్లో సోదరులు: ఆ అయిదుగురి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలను వరసగా పేర్చితే వచ్చే పేరు అది. తమ రికార్డును తమకే అంకితమిచ్చుకున్నారన్నమాట. గిటారు వాయిస్తూ పాడిన మికెలె జరిల్లోకు అప్పటికి పదహారేళ్లు. రికార్డును పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ దశకంలో బృందం రెండో ఆల్బమ్ చేయనే లేదు.

యాభై ఏళ్లు గడిచాయి. ఇటాలియన్ ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ఇప్పుడు ఆ రికార్డు ప్రస్తావన రాక మానదు. ఇంటర్నెట్‌లో శ్రోతలు మార్కులు వేసే సైట్లలో దానికి అయిదుకు నాలుగు, నాలుగున్నర స్టార్లు వేసేవాళ్లు బోలెడు మంది. లక్షల ప్రతులు అమ్ముడైన బ్రిటిష్ ఆల్బమ్‌ల పక్కన దాన్ని కూర్చోబెడతారు, కొందరైతే ఒక మెట్టు పైనే కూర్చోబెడతారు. మరి అప్పటి శ్రోతలు చెవిటివాళ్లా, ఇప్పటివాళ్లు వెర్రివాళ్లా? నా ఉద్దేశంలో రెండూ కాదు. స్టార్ల పక్కన కనిపించే ఆ ఒక్క అంకెలో నాలుగైదు వేర్వేరు విషయాలు ముద్దగా కలిసిపోయి ఉంటాయి. సంగీతం వాటిలో ఒకటి మాత్రమే. ఆ ముద్దను కాస్త విడదీసి చూద్దాం.

ముందు కొంచెం నేపథ్యం. 1960ల చివర్లో బ్రిటన్‌లో కొందరు రాక్ వాద్యకారులకు మూడు నిమిషాల పాట ఇరుకనిపించింది. ఎల్‌పీ ఒక వైపు పట్టేది సుమారు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలనూ ఒకే రచనతో నింపితే ఏమవుతుందని వాళ్లు ప్రయత్నించారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచి నిర్మాణాన్ని, జాజ్ నుంచి స్వేచ్ఛను తెచ్చుకున్నారు. నాలుగేసి దెబ్బల నడకను వదిలి అయిదు, ఏడు, తొమ్మిది లెక్కల్లోకి దిగారు. మిశ్రచాపు, ఖండచాపు విన్న చెవికి ఇది వింతేమీ కాదు. రాక్ శ్రోతకు మాత్రం నేల కదిలినట్టు అనిపించింది. దీనికే ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు.

ఈ సంగీతం ఇంగ్లండ్‌లో పుట్టినా దాన్ని మొదట నెత్తిన పెట్టుకున్నది ఇటలీయే. వాన్ డెర్ గ్రాఫ్ జనరేటర్ అనే బ్రిటిష్ బృందం ‘పాన్ హార్ట్స్’ అనే చీకటి ఆల్బమ్‌ను 1971లో తెచ్చింది. సొంత దేశంలో దానికి పెద్దగా ఆదరణ దక్కలేదు. ఇటలీలో మాత్రం అది చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. జెనెసిస్ బృందానికి ‘నర్సరీ క్రైమ్’ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఉన్నది చిన్న పేరే. ఇటలీ చార్టులో అదే ఆల్బమ్ నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఒపేరా పుట్టిన దేశంలో, ఊరూరా సంగీత కళాశాలలున్న చోట, సుదీర్ఘమైన నాటకీయ సంగీతం జనానికి భయం కలిగించలేదు. వెర్ది, పుచ్చీని ఒపేరాలను అచ్చువేసిన రికోర్ది సంస్థకు చెందిన రికార్డు కంపెనీయే ఈ కొత్త బృందాల ఆల్బమ్‌లనూ విడుదల చేసిందంటే ఆ రెండు లోకాలు ఎంత దగ్గరగా ఉండేవో చూడండి. తమాషా ఏమిటంటే, అప్పట్లో ఇటలీలో దీన్ని ‘పాప్’ అనే పిలిచేవారు. ‘ఇటాలియన్ ప్రోగ్రెసివ్’ అన్న పేరు తర్వాత తగిలించినది.

1971లో న్యూ ట్రోల్స్ అనే జెనోవా బృందం, అర్జెంటీనాలో పుట్టి ఇటలీలో స్థిరపడిన స్వరకర్త లూయిస్ బకలోవ్‌తో కలిసి ‘కొంచెర్తో గ్రోసో’ చేసింది. ఒక సినిమా కోసం రాసిన సంగీతం అది. పాతకాలపు బరోక్ శాస్త్రీయ శైలిలో వాయించే తీగవాద్యాల బృందం ఒక పక్క, ఎలక్ట్రిక్ గిటారు మరో పక్క. బకలోవ్ ఆ తర్వాత నేపుల్స్‌కు చెందిన ఒజాన్నాతో, రోమ్‌కు చెందిన రొవేషో దెల్లా మెదాలియాతో కూడా ఇలాంటి రికార్డులు చేశాడు. ‘ఇల్ పోస్తీనో’ సినిమాకు 1996లో ఆస్కార్ అందుకున్న బకలోవ్ ఈయనే. 1972 వచ్చేసరికి పెద్ద బృందాలు మూడు రంగంలో ఉన్నాయి: మిలాన్ నుంచి ప్రెమియాతా ఫోర్నెరియా మార్కోనీ (అందరూ పీఎఫ్‌ఎం అంటారు, పేరు ఒక బేకరీది), రోమ్ నుంచి బాంకో దెల్ ముతువో సొక్కోర్సో, వెనిస్ ప్రాంతం నుంచి లే ఓర్మె. బాంకో తొలి ఆల్బమ్ అట్టను మట్టి డిబ్బీ ఆకారంలోనే కత్తిరించారు. మన ఇళ్లలో పిల్లలు చిల్లర వేసుకునే డిబ్బీ లాంటిదే.

ఈ మూడు బృందాల రికార్డులూ బాగా అమ్ముడుపోయాయి. అసలు కథ వీళ్ల వెనకాల మొదలవుతుంది. మూడు బృందాలు నిలబడగానే ప్రతి కంపెనీకీ అలాంటిది ఒకటి కావాలనిపించింది. ఏ చిన్న పట్టణంలో ఏ కుర్రాళ్లు కీబోర్డు, ఫ్లూటు పట్టుకుని కనిపించినా స్టూడియోకు తీసుకెళ్లారు. 1972, 1973, 1974 ఈ మూడేళ్లలో వచ్చి పడిన ఆల్బమ్‌లను చూస్తే ఊపిరాడదు. వాటిలో చాలా వాటికి తోబుట్టువు లేదు. బృందానికి ఒక్కటే ఆల్బమ్, అంతే.

ఎందుకంటే ఆ తలుపు ఎంత త్వరగా తెరుచుకుందో అంత త్వరగా మూసుకుంది. ఇటలీలో అప్పుడు యువకులకు సైనిక సేవ తప్పనిసరి. ఆ పద్ధతిని 2005లో గాని ఆపలేదు. ఇరవై ఏళ్ల డ్రమ్మరుకు పిలుపు వస్తే బృందం పని అయిపోయినట్టే. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి రికార్డుల ముడిసరుకు ప్రియమైంది. ప్లాస్టిక్ డిస్కు కూడా చమురు బిడ్డే కదా. అప్పుడు కంపెనీలు మొదట కోసేది ఎవరిని? అమ్ముడుపోని కుర్రాళ్లనే. ఇక కచేరీల సంగతి సరేసరి. 1971 జులైలో మిలాన్‌లోని విగొరెల్లి సైకిల్ పందేల స్టేడియంలో లెడ్ జెప్లిన్ వాయిస్తుండగా బాష్పవాయువు కమ్ముకుని కచేరీ అర్ధాంతరంగా ఆగింది. సంగీతం జనం సొత్తు, టికెట్టు కొనడమే అన్యాయం అంటూ గేట్లు తోసుకొచ్చే ఉద్యమం ఆ తర్వాత పెరిగింది. 1975 ఫిబ్రవరిలో లూ రీడ్ కచేరీలు గొడవల్లో మునిగాయి. 1977లో అదే విగొరెల్లిలో సంతానా మీదికి పెట్రోలు సీసాలు విసిరారు. పేరున్న విదేశీ బృందాలే ఆ దేశం వైపు రావడానికి జంకితే, ఊరూ పేరూ లేని స్థానిక బృందం వాయించేదెక్కడ?

రాజకీయం రికార్డు అట్టల మీద కూడా పడింది. దీనికి ముజేయో రోజెన్‌బాక్ కథ ఒక్కటి చాలు. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గరి లిగూరియా తీరానికి చెందిన బృందం. 1973లో రికోర్ది విడుదల చేసిన వాళ్ల ఆల్బమ్ ‘జరతూస్త్ర’. మొదటి వైపంతా జర్మన్ తత్త్వవేత్త నీషే ఆలోచనల మీద అయిదు భాగాల రచన. నల్లటి అట్ట మీద ఒక తల బొమ్మ ఉంటుంది, ముక్కలు అతికించి కూర్చినది. దగ్గర పెట్టుకుని చూస్తే ఆ ముక్కల్లో ఒకటి ముస్సోలినీ విగ్రహం. లోపల ‘అతిమానవుడు’ అన్న మాట, బయట ముస్సోలినీ ముఖం, చుట్టూ వామపక్ష విద్యార్థి ఉద్యమాలు. బృందం మీద ఫాసిస్టు ముద్ర పడటానికి ఇంతకంటే ఏం కావాలి? పాటల్లో ఆ ఉద్దేశం లేదని ఎంత చెప్పినా ముద్ర చెరగలేదు. బృందం విడిపోయింది. డ్రమ్మర్ జంకార్లో గోల్జి వెళ్లి మాతియా బజార్ అనే పాప్ బృందాన్ని నిలబెట్టిన వాళ్లలో ఒకడయ్యాడు. 1978లో వాళ్లు సాన్‌రేమో పాటల పోటీ గెలిచారు కూడా. సెమిరామిస్ కుర్రాళ్ల దారీ అదే. మికెలె జరిల్లో 1987లో సాన్‌రేమోలో కొత్త గాయకుల విభాగంలో గెలిచాడు. జంపియెరో అర్తెజాని రాసిన వాళ్లలో ఒకడిగా ఉన్న పాటతో మాస్సిమో రనియేరి 1988లో అసలు పోటీయే గెలిచాడు. ఇటలీలో ఇంట్లో అమ్మమ్మలు కూడా గుర్తుపట్టే పేర్లివి. వాళ్ల తొలి రికార్డు పేరు మాత్రం ఆ అమ్మమ్మలకు తెలియదు.

ఇదీ సరుకు. ఇక ఆ అంకె లోపలికి వెళదాం.

మొదటి పొర లెక్కలది. ఒక ఆల్బమ్‌కు పన్నెండు మంది మార్కులు వేస్తే సగటు 4.5 వచ్చిందనుకుందాం. ఇంకో ఆల్బమ్‌కు 1200 మంది వేస్తే 4.2 వచ్చింది. ఏది గొప్పది? సగటును బట్టి చూస్తే మొదటిది. కాని పన్నెండు మందిలో ఇద్దరు మనసు మార్చుకుంటే ఆ అంకె తలకిందులవుతుంది, 1200 మందిలో ఇద్దరు మారితే ఎవరికీ తెలియదు. అందుకే జాగ్రత్తపరులైన జాబితాదారులు ప్రతి ఆల్బమ్‌కూ కొన్ని ఊహాజనిత ఓట్లు ముందుగానే కలిపేస్తారు. ఉదాహరణకు ఒక్కోదానికి యాభై ఓట్లు, ఒక్కో ఓటు 3.5 అనుకోండి. అప్పుడు మొదటి ఆల్బమ్ 62 ఓట్లతో 3.69కి దిగుతుంది. రెండోది 1250 ఓట్లతో 4.17 దగ్గర దాదాపు కదలకుండా కూర్చుంటుంది. దీన్ని బేయిజియన్ సగటు అంటారు. ఓట్లు తక్కువైతే నడిమధ్యకు లాగుతుంది, ఎక్కువైతే వదిలేస్తుంది. ఈ పని చేసిన జాబితాకూ చేయని జాబితాకూ మధ్య పై ఇరవై స్థానాలు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. చేయని జాబితాలో అగ్రస్థానాలన్నీ ఎవరూ వినని రికార్డులవే. ‘ఎంత అరుదైతే అంత గొప్ప’ అనే భ్రమలో సగం ఈ కూడిక లోపం నుంచే పుడుతుంది.

అయితే ఈ మందు ఒక జబ్బుకే పనిచేస్తుంది. ఓటు వేసినవాళ్లు ఎవరు అన్నది రెండో పొర. అది లెక్కతో సరిపోయేది కాదు. దె దె లిండ్ అనే బృందం 1973లో ఒకే ఆల్బమ్ చేసింది. ‘ఎక్కడి నుంచి వచ్చానో తెలియదు, ఎక్కడికి వెళతానో తెలియదు, మనిషి అని నాకు పేరు పెట్టారు’ అని దాని పేరు. వాక్యమంత పేరున్న ఆ ఆల్బమ్ దాకా వచ్చేది ఎవరు? దారి తప్పి ఎవరూ రారు. పీఎఫ్‌ఎం విని, బాంకో విని, ఆ తర్వాత ఇంకో యాభై విని, ఇంకా దాహం తీరనివాడే వస్తాడు. ఫ్లూటు, అరుపులాంటి గొంతు, హఠాత్తుగా మారే లయ, వీటి మీద వ్యామోహం ముందే ముదిరినవాడు. అతను నాలుగు స్టార్లు వేయడంలో ఆశ్చర్యం ఏముంది? నచ్చనివాళ్లు ఆ గుమ్మం దాకా రానే రారు. అదే పీఎఫ్‌ఎంకు దారిన పోయేవాళ్లు కూడా మార్కులు వేస్తారు. జాజ్ శ్రోతలు, మెటల్ శ్రోతలు, ‘ఇంత పేరుంది కదా విందాం’ అనుకుని ఒకసారి విని మూడు వేసి పోయేవాళ్లు. పేరు ఆ విధంగా నష్టం చేస్తుంది. ఊళ్లో అందరూ తిన్న హోటలుకూ, వెతుక్కుంటూ వెళ్లి తిన్న పూటకూళ్ల ఇంటికీ ఒకే కొలతతో మార్కులు పడవు.

గాబ్లిన్ బృందానిది మరో చిత్రం. 1975లో దర్శకుడు దారియో అర్జెంతో సినిమా ‘ప్రొఫోందో రోస్సో’కు వాళ్లు చేసిన సంగీతం ఇటలీ చార్టులో మొదటి స్థానంలో నిలిచింది. దానికి మార్కులు వేసేవాళ్లలో భయానక సినిమాల అభిమానులు ఎక్కువ. వాళ్లకు ప్రోగ్రెసివ్ రాక్‌తో పనిలేదు. హత్య జరిగే ముందు వినిపించే ఆ కీబోర్డు వరసతోనే పని. మార్కులు పడేది ఆల్బమ్‌కైనా, వేసేటప్పుడు వాళ్ల కళ్ల ముందున్నది సినిమా.

మూడో పొర అరుదుతనం. దీని వెనక ఒక వ్యాపారం ఉంది, ఒక ఖండాంతర ప్రయాణం ఉంది. ఇటలీ వీటిని మరచిపోయిన కాలంలో జపాన్ గుర్తుపెట్టుకుంది. 1970ల చివర్లో, 1980లలో అక్కడి కింగ్ రికార్డ్స్ సంస్థ యూరప్ రాక్ రికార్డులను వరసపెట్టి మళ్లీ ముద్రించింది. జపాన్ సేకర్తల శ్రద్ధ సంగతి చెప్పక్కరలేదు. తర్వాత సీడీల కాలంలో పాత ఎల్‌పీ అట్టను మడతలతో సహా అరచేతిలో పట్టేలా కుదించి, పక్కన కాగితం పట్టీ చుట్టి అమ్మారు. 1980ల చివర నుంచి మిలాన్‌లో వినైల్ మ్యాజిక్, సాన్‌రేమోలో మెల్లో రికార్డ్స్ వంటి చిన్న సంస్థలు పాత టేపులు తవ్వి తీశాయి. అప్పటికి అచ్చే కాని రికార్డులూ బయటపడ్డాయి. బువోన్ వెక్యో చార్లీ అనే రోమ్ బృందం 1970ల ఆరంభంలో రికార్డు చేసిన ఆల్బమ్ 1990లో వెలుగు చూసింది. ఇరవై ఏళ్ల పాటు అల్మరాలో ఉండి వచ్చిన టేపును ఎవరు నిర్దాక్షిణ్యంగా వినగలరు? ఇప్పటికీ ‘జరతూస్త్ర’ తొలి ముద్రణ చెక్కుచెదరని ప్రతికి వందల యూరోలు పలుకుతుంది. అంత డబ్బు పెట్టి కొన్నవాడు రెండు స్టార్లు వేయాలంటే చెయ్యి రాదు. వేస్తే తన తెలివికి తానే రెండు వేసుకున్నట్టు. ఈ మాట సేకర్తల ముందు అంటే గొడవే. డబ్బు పెట్టకుండా ఫోనులో విన్నవాళ్లు కూడా నాలుగే వేస్తున్నారు కదా అంటారు. నిజమే. కాని వాళ్లు వినే ముందే పాతవాళ్ల నాలుగు చూసి వచ్చారన్నదీ నిజమే.

నాలుగో పొర కథ. బిలియెత్తో పెర్ లిన్‌ఫెర్నో అంటే ‘నరకానికి టికెట్టు’. ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర కోమో సరస్సు ఒడ్డున ఉన్న లెక్కో పట్టణం వాళ్లది. 1974లో ఒక ఆల్బమ్ వచ్చింది. రెండోది రికార్డు చేశాక కంపెనీ మూతపడింది. ఆ టేపు 1992లో గాని విడుదల కాలేదు. ఈ లోపల గాయకుడు, ఫ్లూటు వాద్యకారుడు క్లావుదియో కనాలి ఏమయ్యాడు? సన్యాసం పుచ్చుకుని క్రైస్తవ మఠంలో చేరాడు. నరకానికి టికెట్టు కొన్నవాడు దేవుడి ఇంట్లో దిగాడు. ఆ బృందం తొలి ఆల్బమ్‌లో ‘కన్ఫెస్సియోనె’ అనే పాట ఉంది, పాప నివేదన. ఈ సంగతి తెలిశాక ఆ పాటను మామూలు పాటలా వినడం నా వల్ల కాలేదు. మార్కుల్లో ఈ కథ వాటా ఎంత అని అడిగితే నిజాయితీగా అర స్టారు ఉంటుంది. మనకూ ఈ అలవాటు కొత్త కాదు. విడుదలప్పుడు హాళ్లు ఖాళీగా ఉన్న సినిమా పదేళ్లకు టీవీలో కనిపిస్తే ‘ఆణిముత్యం’ అంటాం. ఆ పొగడ్తలో సినిమాతో పాటు దాని ఓటమి మీద మన జాలి కూడా ఉంటుంది.

అయిదోది భాష. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తెలుగు శ్రోతకు ఒక లాభం ఉంది. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని చెప్పుకుని మురిసిపోవడం మనకు పాత అలవాటు. ఆ పోలికకు ఆధారం రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగియడం. ఇంగ్లిష్ రాక్ పాట అలా కాదు. అందులో ఒక్క దెబ్బకు ఒక్క మాట, హల్లుతో టక్కున తెగుతుంది. ఇటాలియన్ మాట మూడు నాలుగు అక్షరాలు సాగి అచ్చు మీద వాలుతుంది. దాన్ని రాక్ లయలో ఇరికిస్తే మాట నలుగుతుంది, వదిలేస్తే లయ సాగుతుంది. ఇటాలియన్ బృందాలు రెండోది ఎంచుకున్నాయి. వాళ్ల బాణీలు పొడుగ్గా, వాలుగా, దాదాపు పద్యం చదివినట్టు ఉండటానికి ఒక కారణం ఇదే. బాంకో గాయకుడు ఫ్రాంచెస్కో ది జాకొమో భారీకాయంతో, ఒపేరా గొంతుతో ఒక్కో అచ్చును పట్టుకుని ఊపిరి చివరిదాకా సాగదీస్తాడు. ఇంగ్లిష్ రాక్‌కు అలవాటుపడిన శ్రోతకు అది అతి. రాగం తీసి పద్యం పాడే రంగస్థల నటులను విన్న చెవికి అందులో అతి ఏముంటుంది?

విదేశీ మార్కెట్ కోసం ఈ పాటలను ఇంగ్లిష్‌లోకి మార్చినప్పుడు ఏమైందో చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. పీఎఫ్‌ఎంను ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే బ్రిటిష్ బృందం తమ సొంత కంపెనీ మాంటికోర్‌లో చేర్చుకుంది. కింగ్ క్రిమ్‌జన్ అనే మరో బ్రిటిష్ బృందానికి పాటలు రాసిన పీట్ సిన్‌ఫీల్డ్ వీళ్లకు ఇంగ్లిష్ మాటలు రాశాడు. 1973లో ‘ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్’ వచ్చింది. లే ఓర్మె చేసిన ‘ఫెలోనా ఎ సొరోనా’కు వాన్ డెర్ గ్రాఫ్ గాయకుడు పీటర్ హామిల్ ఇంగ్లిష్ మాటలు ఇచ్చాడు. ఒకటి వెలుగులో, ఒకటి చీకటిలో ఉన్న రెండు గ్రహాల కథ అది. రాసినవాళ్లు సామాన్యులు కారు. అయినా అభిమానుల్లో ఎక్కువమంది ఇటాలియన్ రూపానికే పై మార్కులు వేస్తారు, అందులోనూ ఒక్క ఇటాలియన్ మాట కూడా రానివాళ్లు. అర్థం తెలియకపోవడమే వాళ్లకు కలిసొచ్చిందని నా అనుమానం. అర్థం తెలియని మాట వాద్యంలా వినిపిస్తుంది, పేలవమైన కవిత్వమైనా చెవిని నొప్పించదు. ఇటాలియన్ తెలిసినవాళ్లను అడిగితే కొన్ని ‘కళాఖండాల’ సాహిత్యం విని నవ్వుతారు. ఒకే ఆల్బమ్‌కు ఇటలీలో మూడు, బయట నాలుగున్నర పడటంలో వింత లేదు. బయటివాళ్లు వాద్యసంగీతానికి మార్కులు వేస్తున్నారు, ఇంటివాళ్లు పాటకు వేస్తున్నారు.

పీఎఫ్‌ఎం మొదటి ఆల్బమ్‌లోని ‘ఇంప్రెస్సియోని ది సెత్తెంబ్రె’ను ఈ గొడవకు అతీతంగా నిలబెట్టింది కూడా ఇదేనేమో. సెప్టెంబరు తెల్లవారుజామున పొగమంచులో పొలాల మధ్య నడిచే ఒక మనిషి పాట. చరణం నెమ్మదిగా, దాదాపు గొణుగుతున్నట్టు సాగుతుంది. పల్లవి రావలసిన చోటికి రాగానే గొంతు ఆగిపోతుంది. పల్లవిని మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం పాడుతుంది. మాటల్లేవు. ఇటలీలో ఇప్పటికీ కచేరీల్లో జనం ఆ మాటల్లేని పల్లవిని గొంతెత్తి పాడతారు.

వర్గీకరణ తగాదాలు మరో పక్క ఉంటాయి. వాటి మీద నాకు ఓపిక తక్కువ. అరేయా అనే బృందానిది ప్రోగ్రెసివ్ రాకా, జాజా? అలెగ్జాండ్రియాలో పుట్టిన గ్రీకు గాయకుడు దెమెత్రియో స్త్రాతోస్ గొంతుతో, బాల్కన్ లయలతో, తొలి ఆల్బమ్ అట్టలో పెట్టిన అట్టముక్క తుపాకీతో వాళ్లు ఏ గదిలోనూ ఇమడరు. స్త్రాతోస్ ఒకే గొంతులో రెండు స్వరాలు పలికించేవాడు. 34 ఏళ్లకు 1979 జూన్ 13న న్యూయార్క్ ఆసుపత్రిలో చనిపోయాడు. ఆయన వైద్యం ఖర్చుల కోసం మిలాన్‌లో ఏర్పాటైన కచేరీ మర్నాడే ఉంది. అది సంస్మరణ సభగా మారింది. అలాంటి గొంతును ఏ గదిలో పెట్టాలన్న తగాదాలో గంటలు గడిపేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇన్ని పొరలు ఒలిచాక సంగీతం మిగులుతుందా? మిగులుతుంది. ‘జరతూస్త్ర’లో మెల్లోట్రాన్ వాడిన తీరు చూడండి. ఈ వాద్యంలో ప్రతి మీట కింద ఒక టేపు ముక్క ఉంటుంది, దాని మీద ముందే రికార్డు చేసిన వయొలిన్‌ల బృందమో గాయకుల బృందమో ఉంటుంది. మీట నొక్కితే టేపు కదిలి ఆ ధ్వని వస్తుంది. సుమారు ఎనిమిది సెకన్లలో టేపు అయిపోతుంది, వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. అంటే ఏ స్వరాన్నీ ఎనిమిది సెకన్లకు మించి పట్టలేరు. పైగా వేడెక్కితే శ్రుతి జారుతుంది. ఈ పరిమితిలోనే ఆ కుర్రాళ్లు ఒక పెద్ద స్వరసమూహం నుంచి ఇంకో దానికి మెట్లు మెట్లుగా ఎక్కుతూ ఇరవై నిమిషాలు కట్టారు. చివరి భాగం ‘ఇల్ తెంపియో దెల్లె క్లెస్సీద్రె’, ఇసుక గడియారాల గుడి. అక్కడికి చేరేసరికి మొదట్లో విన్న బరువు మళ్లీ వస్తుంది, రెట్టింపై. దానికి అరుదుతనంతో పనిలేదు. ఆ చివరి భాగం పేరే పెట్టుకుని జెనోవాలో ఒక కొత్త బృందం పుట్టింది, 2010లో వాళ్ల ఆల్బమ్ వచ్చింది, అందులో పాడింది పాత బృందం గాయకుడు స్తెఫానో గలీఫీయే.

నేపుల్స్ బృందం ఇల్ బల్లెత్తో ది బ్రోంజో 1972లో చేసిన ‘ఇస్’ నా మీద ఇంకోలా పనిచేసింది. మొదటిసారి విన్నప్పుడు రెండు స్టార్లు వేశాను. స్త్రీల బృందగానంతో మొదలై, జాన్నీ లెయోనె కీబోర్డులు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటుంటే, పట్టుకోవడానికి ఒక బాణీ కూడా దొరకలేదు. తలనొప్పి వచ్చింది. ఏడాది తర్వాత ఒక రాత్రి బస్సులో వేరే దారిలేక మళ్లీ విన్నాను. పదిహేను నిమిషాల తొలి భాగంలో విడివిడిగా వినిపించిన ముక్కలన్నీ ఈసారి ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు తోచింది. అయిదు వేశాను. ఆ ఏడాదిలో ఆల్బమ్ మారలేదు. కాబట్టి నా రెండు అబద్ధమా, నా అయిదు అబద్ధమా? సగటు తీసి మూడున్నర అంటే అది రెండు రాత్రుల్లో ఏ రాత్రి నాకు కలిగిన అనుభవమూ కాదు.

అందుకే ఇప్పుడు నేను సగటు జోలికి ముందుగా వెళ్లను. ఓట్ల సంఖ్య చూస్తాను. తర్వాత మూడు స్టార్లు వేసినవాళ్లు రాసింది చదువుతాను. అయిదు వేసినవాళ్లు ప్రేమలేఖ రాస్తారు, ఒకటి వేసినవాళ్లు కోపం వెళ్లగక్కుతారు. మూడు వేసినవాడు ఏ పాట బాగుందో, ఎక్కడ సాగదీశారో, గొంతు ఎక్కడ తప్పిందో నిమిషాలతో సహా చెబుతాడు. ఉత్తర ఇటలీలోని ఆస్తి అనే పట్టణానికి చెందిన లొకాందా దెల్లె ఫాతె బృందం 1977లో, ఈ సంగీతం శకం ముగిశాక, ‘బహుశా మిణుగురులు ఇక ప్రేమించుకోవడం లేదేమో’ అనే అందమైన పేరుతో ఆల్బమ్ తెచ్చింది. ప్రేమలేఖలు దాన్ని ఆకాశానికెత్తుతాయి. బాణీలు తియ్యగా ఉన్నాయి కాని అంచు లేదని ఒక మూడు స్టార్ల సమీక్ష చెప్పింది. విన్నాను. ఆ మాటే సరైనది. అయినా ఆ ఆల్బమ్‌ను నెలకోసారి వింటూనే ఉన్నాను.

ఇంతకీ ఫ్రాజ్‌కు నేను వేసింది మూడున్నర. సన్నని గిటారు తీగ మీద మొదలైన పాట ఒక్క క్షణంలో సింథసైజర్ కేకగా మారిపోతుంది, అది స్థిరపడేలోపు లోహపు పలకల మీద కొట్టి వాయించే వైబ్రాఫోన్ వచ్చి దాన్నీ తోసేస్తుంది. ఒక్క ఆలోచన దగ్గర కూడా కూర్చోరు. పదహారేళ్ల తొందర అది. ఆ తొందరకే ఒక అర స్టారు ఎక్కువ వేశాను.